పాత కెమెరా మార్చాలా? డిలీట్ చేసిన ఫోటోలని అడగండి

మా ఇంట్లో ఉన్న కెమెరా పేరు కానన్ పవర్‌షాట్ ఏ590 ఐఎస్. 2008లో వచ్చిన మోడల్. అప్పట్లో మా మావయ్య కొన్నాడు, తర్వాత అమ్మ చేతికి, అక్కడి నుంచి నా చేతికి వచ్చింది. 8 మెగాపిక్సెల్స్, 4 రెట్లు జూమ్, రెండు పెన్సిల్ సెల్స్. ఇప్పటికీ ఆన్ బటన్ నొక్కితే లెన్స్ బయటికి వస్తుంది, ఫోటో పడుతుంది. అంటే పాడైపోయింది కాబట్టి మార్చాలి అనే సులువైన కారణం నాకు లేదు.

ఇంకోవైపు, ఒక కోచింగ్ సెంటర్‌కి వెబ్‌సైట్ చేసి పెట్టినందుకు 25 వేలు వచ్చాయి. ఆ డబ్బుతో కెమెరా అప్‌గ్రేడ్ చెయ్యాలా, లాప్‌టాప్‌కి ర్యామ్ కొనాలా, లేక అమ్మ చెప్పినట్టు బ్యాంకులో పడెయ్యాలా అన్నది ప్రశ్న. రెండు నెలలు ఆలోచించాను. ఈ వ్యాసం ఆ ఆలోచన గురించే. మీ ఇంట్లో కూడా బీరువాలో ఇలాంటి కెమెరా ఒకటి ఉండే ఉంటుంది, పనికొస్తుందని రాస్తున్నా.

ముందు, ఈ కెమెరా ఏ ఊళ్ళో ఎక్కువ తిరిగిందో చెప్పాలి. మా అమ్మమ్మ వాళ్ళది కృష్ణదేవిపేట. నర్సీపట్నం దగ్గర, గొలుగొండ మండలం. మైదానం అయిపోయి ఏజెన్సీ మొదలయ్యే చోటు. చాలామందికి కె.డి.పేట అంటే తెలుస్తుంది. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ల మీద అల్లూరి సీతారామరాజు దాడి చేశాడని స్కూల్లో చదువుకున్నాం కదా, ఆ మధ్యది ఇదే. ఆయన సమాధి కూడా ఇక్కడి పార్కులోనే ఉంది. జూలై 4 జయంతికి దండలు, మైకులు, పిల్లల డాన్సులు ఉంటాయి. మా ఆల్బమ్‌లో సగం జూలైలు అక్కడివే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. కెమెరా మార్చాలా వద్దా అని ఎవరినైనా అడిగితే స్పెసిఫికేషన్లు చెప్తారు. ఎన్ని మెగాపిక్సెల్స్, ఏ సెన్సర్, వీడియో 4కేనా. అవన్నీ కొత్త కెమెరా ఏం చెయ్యగలదో చెప్తాయి. నాకు కావాల్సింది అది కాదు. నా పాత కెమెరా ఏం చెయ్యలేకపోయిందో కావాలి. అది ఏ రివ్యూలోనూ ఉండదు, మన హార్డ్ డిస్క్‌లోనే ఉంటుంది.

ప్రతి ఫోటో ఫైల్‌లో ఎగ్జిఫ్ అనే డేటా దాగి ఉంటుందని సీఎస్ఈ వాళ్ళకి చెప్పక్కర్లేదు. తీసిన టైమ్, షట్టర్ ఎంతసేపు తెరుచుకుంది, అపర్చర్ ఎంత, లెన్స్ ఎంత జూమ్‌లో ఉంది, అన్నీ అందులో రాసి ఉంటాయి. ఎగ్జిఫ్‌టూల్ అనే ఉచిత ప్రోగ్రామ్ ఒక్క కమాండ్‌తో వేల ఫోటోల డేటాని ఒక సీఎస్వీ ఫైల్‌గా ఇచ్చేస్తుంది. దాన్ని పైథాన్‌లో లోడ్ చేసుకుంటే చాలు. ఒక చిన్న విషయం గుర్తుంచుకోవాలి. ఇందులో లెన్స్ దూరం అసలు మిల్లీమీటర్లలో ఉంటుంది. మా కెమెరాలో 5.8 నుంచి 23.2 వరకు. సెన్సర్ చిన్నది కాబట్టి దాన్ని సుమారు 6తో గుణిస్తే అందరూ మాట్లాడుకునే 35 నుంచి 140 మిల్లీమీటర్ల లెక్క వస్తుంది.

ఆ గ్రాఫ్ చూస్తే అంతా బాగానే ఉంది అనిపించింది. ఎక్కువ ఫోటోలు పగలు, బయట, మంచి వెలుతురులో తీసినవి. అలాంటప్పుడు ఈ కెమెరాకి ఏ లోటూ లేదు. ఇక్కడితో ఆపేస్తే "కొత్తది అనవసరం" అని తేలిపోయేది.

కానీ ఆ డేటాలో ఒక మోసం ఉంది. హార్డ్ డిస్క్‌లో ఉన్నవి మిగిలిన ఫోటోలు మాత్రమే. చెడిపోయినవి అప్పుడే డిలీట్ చేసేశాం. బతికి వచ్చిన వాళ్ళని మాత్రమే లెక్కపెడితే యుద్ధంలో ఎవరూ చనిపోలేదని అనిపిస్తుంది. స్టాటిస్టిక్స్ క్లాసులో సర్వైవర్‌షిప్ బయాస్ అని చెప్పేది దీన్నే.

డిలీట్ చేసిన ఫోటోలని ఎలా లెక్కపెడతాం? ఫైల్ పేర్లతో. కెమెరా ప్రతి ఫోటోకి వరుస నంబర్ ఇస్తుంది. 0412 తర్వాత 0413 ఉండాలి. 0412 తర్వాత నేరుగా 0419 ఉందంటే మధ్యలో ఆరు ఫోటోలు తీసి పారేశారని అర్థం. ఆ ఖాళీకి ముందు ఫోటో టైమ్, తర్వాత ఫోటో టైమ్ తెలుసు కాబట్టి, పోయిన ఫోటోలు ఏ రోజు ఏ వేళ తీసినవో కూడా దాదాపు తెలిసిపోతుంది. ఇరవై లైన్ల కోడ్. మధ్యలో ఒక ఏడాది లోపలి గుండీ సెల్ అయిపోయి కెమెరా గడియారం వెనక్కి వెళ్ళిపోయింది, ఆ ఫోటోలని మాత్రం పక్కన పెట్టాల్సి వచ్చింది. తేదీ తప్పయినా వరుస నంబర్ తప్పదు, అది వేరే సంగతి.

ఖాళీలు ఎక్కడున్నాయో చూస్తే ఆశ్చర్యం వేసింది. పార్కులో, పెళ్ళిళ్ళలో, లంబసింగి మంచులో పెద్దగా లేవు. సాయంత్రం ఆరు దాటాక, అమ్మమ్మ ఇంట్లో, గుంపులు గుంపులుగా ఉన్నాయి. ఖాళీకి అటూ ఇటూ మిగిలిన ఫోటోలు తెరిచి చూస్తే చాలావరకు ఒకటే దృశ్యం. పెరటి వసారాలో కట్టెల పొయ్యి, దాని ముందు అమ్మమ్మ. చోడంబలి కలుపుతూనో, జీడిపిక్కలు కాలుస్తూనో. పదేళ్ళకి పైగా మా ఇంట్లో ముగ్గురు మనుషులు అదే ఫోటో తియ్యడానికి ప్రయత్నించి డిలీట్ చేస్తూ వచ్చాం. ఒకరికొకరం చెప్పుకోలేదు.

అంటే ప్రశ్న చాలా చిన్నదైపోయింది. "మంచి కెమెరా ఏది" కాదు. ఆ వెలుతురులో, కదులుతున్న ఆ చేతుల్ని ఏది పట్టుకోగలదు?

దీనికి కొంచెం ఫిజిక్స్ కావాలి. భయపడకండి, ఫస్టియర్ లెవెలే.

ఫోటో అంటే వెలుతురుని ఒక బకెట్‌లో పట్టడం. మూడు రకాలుగా ఎక్కువ పట్టొచ్చు. కుళాయి పెద్దది పెట్టొచ్చు, అది అపర్చర్. (దీనికి తెలుగు మాట కోసం వెతికాను, కంటిపాప అనుకుంటే సరిపోతుంది.) ఎక్కువసేపు తెరిచి ఉంచొచ్చు, అది షట్టర్ టైమ్. లేదా బకెట్ మూతే వెడల్పుగా ఉండొచ్చు, అది సెన్సర్ సైజు. ఐఎస్ఓ అనేది వెలుతురుని పెంచదు. పట్టిన కొంచెం సిగ్నల్‌ని వాల్యూమ్ పెంచినట్టు పెంచుతుంది, దాంతో పాటు గరగర కూడా పెరుగుతుంది.

ఆ గరగర ఎందుకు వస్తుందంటే, వెలుతురు ఫోటాన్లుగా వస్తుంది, అవి వానచినుకుల్లాగా ఒక పద్ధతి లేకుండా పడతాయి. ఒక పిక్సెల్ మీద సగటున 100 ఫోటాన్లు పడితే, వాటిలో హెచ్చుతగ్గులు దాని వర్గమూలం, అంటే 10. పది శాతం తేడా, కంటికి చుక్కలుచుక్కలుగా కనిపిస్తుంది. 10,000 పడితే హెచ్చుతగ్గులు 100, అంటే ఒక్క శాతం, కనపడదు. ఏ కంపెనీ ఎంత మంచి చిప్ చేసినా ఈ లెక్కని తప్పించుకోలేదు. తగినన్ని ఫోటాన్లు పడితేనే నున్నటి ఫోటో.

మా కెమెరా సెన్సర్‌ని 1/2.5 అంగుళాలు అంటారు. ఈ అంగుళాల లెక్క పాత టీవీ కెమెరా ట్యూబుల నుంచి వచ్చిన అలవాటు, స్కేలు పెట్టి కొలిస్తే సరిపోదు. నిజానికి అది సుమారు 5.8 × 4.3 మిల్లీమీటర్లు. చిటికెన వేలి గోరు కంటే చిన్నది. నేను చూస్తున్న కెమెరా సోనీ ఆర్ఎక్స్100 మొదటి మోడల్, 2012లో వచ్చింది. కొత్త మోడళ్ళ ధరలు మన సెమిస్టర్ ఫీజుతో పోటీ పడతాయి కాబట్టి వాటి జోలికి పోలేదు. ఈ మొదటి మోడల్ విశాఖపట్నంలో సెకండ్ హ్యాండ్‌లో 22 వేలకి ఇస్తామన్నారు. జేబులో పట్టే సైజే, కానీ దాని సెన్సర్ 13.2 × 8.8 మిల్లీమీటర్లు. వైశాల్యం చూస్తే మా దానికి 4.7 రెట్లు. లెన్స్ కూడా, జూమ్ చెయ్యనప్పుడు, మా దాంట్లో ఎఫ్/2.6, దీంట్లో ఎఫ్/1.8. ఆ నంబర్ తగ్గితే కంటిపాప పెద్దదవుతుంది, ఇక్కడ రెండు రెట్లు వెలుతురు ఎక్కువ. రెండూ కలిపితే సుమారు 9 రెట్లు.

9 రెట్లు అంటే పొయ్యి ముందు ఏమవుతుందో చూద్దాం. ఆ వసారాలో, ఆ వేళ, మా పాత కెమెరా ఐఎస్ఓ 400 దగ్గర సెకనులో అయిదో వంతు షట్టర్ తెరవాల్సి వస్తోంది. కలుపుతున్న చెయ్యి సెకనుకి 20 సెంటీమీటర్లు కదులుతుందనుకుంటే, ఆ అయిదో వంతులో 4 సెంటీమీటర్లు జరిగిపోతుంది. చెయ్యి కనిపించదు, పొగ కనిపిస్తుంది. ఎఫ్/1.8 వల్ల అది పదో వంతు అవుతుంది. పెద్ద సెన్సర్ కాబట్టి అదే నాణ్యతతో ఐఎస్ఓ 1600 వరకు పోవచ్చు, అప్పుడు నలభయ్యో వంతు. చెయ్యి అర సెంటీమీటరే జరుగుతుంది. కొంచెం గరగరని భరించి 3200 పెడితే ఎనభయ్యో వంతు, పావు సెంటీమీటర్. గాజులు విడివిడిగా కనపడతాయి.

ఇక్కడ ఒక అపోహ గురించి చెప్పాలి. "మీ కెమెరాలో ఐఎస్ ఉంది కదా, ఇమేజ్ స్టెబిలైజేషన్, మరి బ్లర్ ఎందుకొస్తుంది?" అని మా రూమ్మేట్ అడిగాడు. ఐఎస్ ఆపేది నా చెయ్యి వణకడాన్ని. అమ్మమ్మ చెయ్యి కదలడాన్ని కాదు. అందుకే ఆ పాత ఫోటోల్లో గోడ, సత్తుగిన్నె, పొయ్యి రాళ్ళు చక్కగా ఉంటాయి, మనిషి మాత్రమే ఉండదు. ఒకరకంగా అదే ఎక్కువ బాధ.

డబ్బు ఖర్చు పెట్టకముందు ఖర్చు లేని దారులన్నీ చూడాలి కదా. చూశాను.

మొదటిది ఫ్లాష్. మా కెమెరాలో ఉన్నది నిజమైన జెనాన్ ఫ్లాష్, ఫోన్లో ఉండే ఎల్ఈడీ దీపం కాదు. సెకనులో వెయ్యో వంతు అంత తక్కువసేపు మెరిసి కదిలే చేతిని కూడా ఆపేస్తుంది. ఈ మధ్య మన వయసు వాళ్ళంతా పాత డిజికామ్‌లు వెతుక్కుని కొంటున్నారు కదా, ఆ లుక్‌లో సగం ఈ ఫ్లాష్‌దే. (సీసీడీ సెన్సర్ వల్ల రంగులు అలా వస్తాయంటారు. సీసీడీకైనా సీమాస్‌కైనా సెన్సర్ పిక్సెల్స్‌కి రంగు తెలియదు. పైన ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఫిల్టర్ ఉంటుంది, 1976లో కొడాక్ పేటెంట్ తీసుకున్న బేయర్ ఫిల్టర్. రంగు ఆ ఫిల్టర్ నుంచి, తర్వాత కెమెరా చేసే ప్రాసెసింగ్ నుంచి వస్తుంది. కాబట్టి సీసీడీ అని రాసి ఉందని ఎక్కువ డబ్బు పెట్టకండి.) కానీ అమ్మమ్మకి శుక్లాల ఆపరేషన్ అయ్యాక ఫ్లాష్ పడితే కళ్ళు మూసేసుకుంటుంది. అది కాకపోయినా, ఫ్లాష్ పడితే పొయ్యి వెలుతురు చచ్చిపోతుంది. మనం తియ్యాలనుకున్నదే ఆ ఎర్రటి వెలుతురు ఆమె మొహం మీద పడటం.

రెండోది సీహెచ్‌డీకే. ఇది మనలాంటి వాళ్ళ కోసమే పుట్టింది. కానన్ కాంపాక్ట్ కెమెరాల కోసం బయటి ప్రోగ్రామర్లు రాసిన ఉచిత సాఫ్ట్‌వేర్. మెమరీ కార్డులో వేసి, కార్డు పక్కన ఉండే లాక్ గీటుని లాక్ వైపు జరిపితే, కెమెరా ఆన్ అయ్యేటప్పుడు దాన్ని లోడ్ చేసుకుంటుంది. కెమెరా అసలు ఫర్మ్‌వేర్ జోలికి పోదు, కార్డు తీసేస్తే కెమెరా మామూలే. దీంతో మా కెమెరాకి కంపెనీ ఇవ్వని రా ఫైల్స్ వచ్చాయి, లువాలో స్క్రిప్టులు రాసి నిమిషానికో ఫోటో తీయించొచ్చు. జేపెగ్‌లో ఒక్కో రంగుకి 256 మెట్లే, రా ఫైల్‌లో అంతకంటే ఎక్కువ. పొగమంచు ఫోటోల్లో ఆకాశం చారలు చారలుగా విరగకుండా ఉండటానికి చాలా పనికొచ్చింది. కెమెరా కొందామనుకునే ప్రతివాడూ ముందు ఇది ప్రయత్నించాలి. కాకపోతే రా ఫైల్ లేని ఫోటాన్లని పుట్టించదు. బకెట్ అదే.

మూడోది స్టాకింగ్. ఫోన్లు రాత్రి ఫోటోలు బాగా తీసేది దీంతోనే. గూగుల్ వాళ్ళు దీని గురించి 2016లో ఒక పేపర్ వేశారు. ఒక్క ఫోటో తియ్యకుండా వరుసగా బోలెడు తీసి, ఒకదాని మీద ఒకటి సర్ది, సగటు తీస్తారు. 9 ఫోటోల సగటు తీస్తే గరగర మూడో వంతుకి తగ్గుతుంది, మళ్ళీ అదే వర్గమూలం. మన పాత కెమెరాతో కూడా చెయ్యొచ్చు. ఎక్కడైనా కదలకుండా పెట్టి తొమ్మిది తీసి, నంపైలో సగటు తీస్తే ఒక్క లైన్. పార్కులో చీకటి పడ్డాక సమాధి దగ్గర ఇలాగే తీశాను, ఆ ఫోటో చూసి ఎవరూ 2008 కెమెరా అనుకోరు. కానీ సమాధి కదలదు. అమ్మమ్మ కదులుతుంది, తొమ్మిది ఫోటోల్లో తొమ్మిది చోట్ల ఉంటుంది.

మరి ఫోన్? ఇది నిజాయితీగా చెప్పాలి, ఎందుకంటే చాలామందికి జవాబు ఫోనే. ప్రపంచం కూడా అదే తేల్చేసింది. 2010లో కంపెనీలు 12 కోట్ల డిజిటల్ కెమెరాలు పంపితే, 2023కి అన్ని రకాలూ కలిపి 77 లక్షలకి పడిపోయింది. నా ఫోన్ కూడా ఆ వసారాలో మా పాత కెమెరా కంటే బాగానే తీస్తుంది. కానీ రెండు ఇబ్బందులున్నాయి.

ఒకటి, ఫోన్ మెయిన్ లెన్స్ చాలా వెడల్పు. మొహం పెద్దగా రావాలంటే దగ్గరికి వెళ్ళాలి. అర మీటర్ దూరం నుంచి చూస్తే ముక్కు చెవుల కంటే చాలా దగ్గరగా ఉంటుంది, అందుకే ముక్కు ఉబ్బి, చెవులు వెనక్కి పోయినట్టు వస్తాయి. తప్పు లెన్స్‌ది కాదు, దూరానిది. రెండు మీటర్లు వెనక్కి జరిగి జూమ్ చేస్తే మొహం మనకి తెలిసిన మొహంలా ఉంటుంది. మా పాత కెమెరా 140 మిల్లీమీటర్ల వరకు నిజమైన గాజు జూమ్ చేస్తుంది కాబట్టి అరుగు మీద కూర్చున్న పెద్దవాళ్ళ ఫోటోలు దాంతోనే బాగా వచ్చాయి. ముందు గదిలో గోడకి ఉన్న తాతయ్య ఫోటో అలాంటిదే. స్టూడియోలో 12 × 18 సైజు ప్రింట్ వేయించి ఫ్రేమ్ కట్టించారు. 8 మెగాపిక్సెల్స్ అంటే అడ్డంగా 3264 చుక్కలు, 18 అంగుళాలకి పంచితే అంగుళానికి 181. గోడకి ఒకటిన్నర మీటర్ల దూరంలో నిలబడి చూసే మామూలు కంటికి అంగుళానికి 60 చుక్కలు దాటితే విడిగా కనపడవు. మెగాపిక్సెల్స్ కోసం కెమెరా మార్చాలనుకునే వాళ్ళు ఈ లెక్క ఒకసారి వేసుకోండి.

రెండో ఇబ్బంది, ఫోన్ చీకట్లో గరగరని తుడిచేటప్పుడు ముడతల్ని కూడా తుడిచేస్తుంది. దానికి రెండూ ఒకలాగే కనపడతాయి, చిన్న చిన్న నల్ల గీతలు. పొయ్యి దగ్గర ఫోన్‌తో తీసింది అమ్మమ్మకి చూపిస్తే, కాసేపు చూసి "ఎవులురా ఈవిడ?" అంది. ఆటపట్టిస్తోందనుకున్నాను. నిజంగానే అడిగింది.

నాలుగో దారి, మనిషిని వెలుతురులోకి తీసుకురావడం. ఇది అన్నిటికంటే చవక, అన్నిటికంటే శక్తిమంతం. లోపలి గది నుంచి గుమ్మం దగ్గరికి వచ్చి కూర్చుంటే వెలుతురు ఎన్నో రెట్లు పెరుగుతుంది, ఏ సెన్సర్ అప్‌గ్రేడూ అంత ఇవ్వదు. పోర్ట్రెయిట్ కావాలంటే సాయంత్రం అయిదింటికి అరుగు మీద కూర్చోబెట్టండి, పాత కెమెరా చాలు. మా దగ్గర అలాంటివి బోలెడు ఉన్నాయి. అన్నిట్లోనూ అమ్మమ్మ కొంగు సర్దుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఆధార్ కార్డు ఫోటోకి కూర్చున్నట్టు కూర్చుంది. మాకు తెలిసిన అమ్మమ్మ అలా ఊరికే కూర్చోదు. చేతిలో ఏదో ఒక పని ఉంటుంది, మాట్లాడుతూనే ఉంటుంది, మధ్యలో పొయ్యిలో కట్టె ముందుకి తోస్తుంది.

ఇలా నాలుగు దారులూ చూశాక, మిగిలింది ఆ ఒక్క ఫోటో. నా లెక్కలో ఎక్కువ శాతం ఫోటోలకి అప్‌గ్రేడ్ అనవసరం, అది ఇప్పటికీ నిజం. మామూలుగా అయితే ఇక్కడ ఆగి ర్యామ్ కొనాలి. ఒక్క రకం ఫోటో కోసం 22 వేలా?

కానీ సగటు తియ్యడానికి ఇక్కడ అర్థం లేదు. పార్కు వచ్చే ఏడాది కూడా ఉంటుంది, లంబసింగిలో మంచు మళ్ళీ పడుతుంది. అమ్మమ్మకి 83. పోయిన సంక్రాంతికి గ్యాస్ పొయ్యి లోపల పెట్టించారు, మోకాళ్ళ వల్ల కింద కూర్చోవడం కష్టమవుతోందని. కట్టెల పొయ్యి ఇప్పుడు జీడిపిక్కలకి, నీళ్ళు కాచుకోవడానికి మాత్రమే వెలుగుతోంది. ఇంకో రెండేళ్ళు ఆగితే ఇదే కెమెరా ఇంకా చవకగా రావచ్చు. ఆ వసారాలో ఎవరూ ఉండకపోవచ్చు. ర్యామ్ మాత్రం ఎప్పుడైనా కొనొచ్చు.

అందుకని కొంటున్నాను. అయితే ఆర్ఎక్స్100 అన్నిట్లో మెరుగనుకోకండి. ఆ ఎఫ్/1.8 జూమ్ చెయ్యనప్పుడే. 100 మిల్లీమీటర్లకి జూమ్ చేస్తే ఎఫ్/4.9కి పడిపోతుంది, అప్పుడు లెన్స్ విషయంలో మా పాతదానికీ దీనికీ పెద్ద తేడా లేదు. కంటికి ఆనించుకుని చూసే చిన్న కిటికీ మా ఏ590లో ఉంది, దీంట్లో లేదు. ఎండలో స్క్రీన్ కనపడకపోతే కష్టమే. పెన్సిల్ సెల్స్ కూడా పడవు, సొంత బ్యాటరీ. మంచి విషయం ఏంటంటే పాత రకం మైక్రో యూఎస్‌బీ కేబుల్‌తోనే చార్జ్ అవుతుంది.

సెకండ్ హ్యాండ్ కాంపాక్ట్ కొనేటప్పుడు ఏం చూడాలో కూడా చెప్తాను, ఇవి ఎవరికైనా పనికొస్తాయి. లెన్స్ ఊడదీసి తుడిచే కెమెరాలు కావు కాబట్టి లోపల దుమ్ము పడితే షాపులో విప్పించాల్సిందే. అపర్చర్‌ని ఎఫ్/11కి పెట్టి ఖాళీ ఆకాశాన్ని ఫోటో తియ్యండి, దుమ్ము ఉంటే బూడిదరంగు మచ్చలు కనపడతాయి. లెన్స్ మీద చెయ్యి అడ్డం పెట్టి ఒక సెకను ఫోటో తీస్తే చెడిపోయిన పిక్సెల్స్ తెల్ల చుక్కల్లా వస్తాయి. జూమ్ ఈ చివర నుంచి ఆ చివరకి పదిసార్లు తిప్పి శబ్దం వినండి, గీసుకుంటున్నట్టు ఉంటే వదిలెయ్యండి. న్యూస్ పేపర్‌ని గోడకి అంటించి నేరుగా తియ్యండి. నాలుగు మూలల్లో అక్షరాలు ఒకేలా ఉండాలి, ఒక మూల మాత్రమే మసగ్గా ఉంటే ఎప్పుడో కింద పడిందన్నమాట. బ్యాటరీ ఉబ్బిందేమో చూడండి. ఒరిజినల్ బాక్స్ ఉందా లేదా అన్నది నన్నడిగితే అంత ముఖ్యం కాదు.

పాత కెమెరాని ఇంకా వాడాలనుకునే వాళ్ళకి ఒక్క మాట. దాంట్లో రిమోట్‌లో వేసే చవక సెల్స్ వెయ్యకండి. లెన్స్ బయటికి రావడానికి, ఫ్లాష్ చార్జ్ అవ్వడానికి కెమెరా ఒక్కసారిగా ఎక్కువ కరెంట్ లాగుతుంది. ఆ సెల్స్‌కి లోపలి రెసిస్టెన్స్ ఎక్కువ, వోల్టేజ్ జారిపోయి కెమెరా ఆగిపోతుంది. పాడైపోయిందని బీరువాలో పెట్టిన కెమెరాల్లో కొన్ని నిజానికి ఇలా ఆగినవే. రీచార్జ్ చేసే నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్స్ మీద 1.2 వోల్టులే అని రాసి ఉంటుంది, అయినా అవే బాగా పనిచేస్తాయి, ఎందుకంటే లోడ్ పడినా వోల్టేజ్ నిలబడుతుంది. నాలుగు కొనుక్కుంటే ఏళ్ళు వస్తాయి.

కెమెరా వచ్చే ఆదివారం చేతికి వస్తుంది. ఆ పై శనివారం కె.డి.పేట వెళ్తున్నా. జీడిపిక్కలు కాల్చే పని ఏమైనా ఉంటే నేను వచ్చేదాకా ఉంచమని అమ్మమ్మకి ఫోన్ చేసి చెప్పాను. కొత్త కెమెరా ఎందుకో అంతా వివరంగా చెప్పాను కూడా. ఆవిడ విని, "మరి పాతదేటి సేస్తావు?" అని మాత్రమే అడిగింది. అరుగు మీద ఫోటోలకి అదే మంచిదని, నాలుగు సెల్స్‌తో పాటు వాళ్ళ బీరువాలోనే పెడతానని చెప్పాను.